ఆలస్యముగా వైద్యవిద్య: తలిదండ్రులతో కొన్ని మాటలు

(పాఠశాల వార్షికోత్సవ సందర్భమున తలిదండ్రుల సభలో చేసిన ప్రసంగము)

 

ఈ వేదికపై ఏటేట పెద్ద చదువులు చదివినవారు మాటలాడుదురు. మేము అట్టివారము కాము. మాలో ఒకరు హోసూరు పారిశ్రామికవాడలో 31 సంవత్సరములు మొదట ఫిట్టరుగా, పిదప ఫోర్‌మనుగా పనిచేసి విశ్రాంతి పొందినవారు. ఇంకొకరు ఇల్లు దిద్దుకొనుచు, పొరుగువారి రవికలు కుట్టి, ఆ డబ్బుతో పిల్లలకు పుస్తకములు కొన్నవారు. ఇచట నిలిచి మాటలాడుచున్నది ఒక్కరే యైనను, ఈ మాటలను నిన్న రాత్రి వంటయింటిలో కూర్చుండి ఇద్దరము కలిసి కూర్చుకొంటిమి. కనుక "మేము" అనుచున్నాము.

మమ్ము పిలుచుటకు కారణము మా పెద్దమ్మాయి. ఆమె ఈ పాఠశాలలోనే ఒకటవ తరగతినుండి పన్నెండవ తరగతి వరకు చదివెను. నాలుగేండ్లు ఇంజనీరింగు చదివి, మూడేండ్లు ఉద్యోగము చేసి, దానిని వదలుకొని, 26 ఏండ్లు నిండిన తరువాత వైద్యకళాశాలలో మొదటి సంవత్సరపు విద్యార్థినిగా చేరెను. ఇప్పుడు హౌస్ సర్జనుగా ఉన్నది. "మీరు ఆమెను ఎట్లు ప్రోత్సహించినారో మన తలిదండ్రులకు చెప్పండి" అని కార్యదర్శిగారు మమ్ము అడిగిరి. మేము ప్రోత్సహింపలేదు. ఆ సంగతి దాచి ఇచట గొప్పలు చెప్పుకొనినచో, రేపు ఆమె ఈ సంచికను చదివి నవ్వును.

2011వ సంవత్సరమున ఆమె పన్నెండవ తరగతి ముగించెను. ఆనాడు మన తమిళనాడులో ప్రభుత్వ వైద్య సీట్లకు ప్రవేశపరీక్ష లేదు. పన్నెండవ తరగతి మార్కులే ఆధారము. జీవశాస్త్రమునకు 100, భౌతికశాస్త్రమునకు 50, రసాయనశాస్త్రమునకు 50, మొత్తము 200గా లెక్కగట్టి దానిని "కటాఫ్" అనెడివారు. ఆమెకు ఒకటిన్నర మార్కు చాలలేదు. ఫ్యాక్టరీలో ఒక షాఫ్టు మందము అంతకంటె తక్కువ తేడా వచ్చినను పక్కన పారవేయుట మాకు అలవాటు. కావున వైద్యము ఆమెకు వ్రాసిపెట్టలేదని ఒక్క పూటలో తేల్చివేసితిమి.

నిజము చెప్పవలెనన్న, ఆ ఒకటిన్నర మార్కు తగ్గినందులకు మాలో ఒకరికి లోలోపల సంతోషమే కలిగెను. ఏండ్ల తరబడి నూనెమరకల చొక్కాతో యంత్రముల నడుమ నిలిచి, అద్దాలగదిలో కూర్చున్న ఇంజనీరుల వంక చూచినవానికి, తన బిడ్డ ఆ గదిలో కూర్చుండవలెనని ఆశ యుండుట సహజమే. ఆ ఆశ బిడ్డదని మేము నమ్మితిమి. ఆమెను అడుగలేదు. ఆమెయు ఏమియు అనలేదు. అనకపోవుటను అంగీకారముగా తీసికొంటిమి. బ్యాంకులో అప్పు తీసి ఇంజనీరింగులో చేర్చితిమి.

2015లో పట్టము పుచ్చుకొని, బెంగళూరులో ఆసుపత్రి యంత్రములను అమ్మి మరమ్మతు చేయు ఒక సంస్థలో ఆమె చేరెను. మొదటి జీతముతో తల్లికి చీర, తండ్రికి చేతిగడియారము తెచ్చెను. ఆ గడియారము ఇదిగో, ఇంకను నడచుచున్నది. ఆమె పని ఊరూర తిరుగుట. జిల్లా ఆసుపత్రులలో మానిటరులో, డయాలిసిస్ యంత్రములో చెడినప్పుడు పోయి బాగుచేసి వచ్చుట. 2017లో ఒకనాడు ఒక ఆసుపత్రిలో డయాలిసిస్ యంత్రము ఊరక హెచ్చరిక మ్రోగించుచుండెనట. రక్తమును శుభ్రపరచు ద్రవములో లవణములు తగిన పాళ్లలో ఉన్నవా లేవా అనుదానిని ఆ యంత్రము, ద్రవముగుండ విద్యుత్తు పారు తీరును బట్టి కనిపెట్టును. ఆ కొలిచెడి భాగము చెడినది. ఆమె దానిని మార్చి, సరిచూచి, పనిముట్ల పెట్టె మూయుచుండగా, పక్క మంచము మీది ముసలాయన, "మిషను బాగైంది గదమ్మా, మరి నా సంగతేమిటి?" అని అడిగెనట. ఆయన వేళాకోళముగానే అడిగియుండవచ్చును. మంచముకడ ఆయన రక్తపరీక్ష కాగితము వ్రేలాడుచున్నది. ఆమెకు అందలి అంకెలు చదువవచ్చును. అవి ఆ మనిషికి మంచివో చెడ్డవో తెలియదు. "అదే నాకు పట్టుకుంది నాన్నా" అని తరువాత చాల కాలమునకు మాతో చెప్పెను.

2018 సంక్రాంతికి ఇంటికి వచ్చి, పొంగలి తినుచు, "నేను నీట్ రాస్తాను" అన్నది.

ఆ మాట మాకు పిడుగువలె తోచెను. ఆమెకు 24వ యేడు నడచుచున్నది. ఇంజనీరింగు అప్పు ఇంకను రెండేండ్ల కిస్తులు మిగిలియున్నవి. ఇంకొక పిల్లవాడు పదవ తరగతిలో ఉన్నాడు. బంధువులలో ఆమె యీడు ఆడపిల్లలకు అప్పటికే పెండ్లిండ్లు అయినవి. మేము వద్దంటిమి. ఆమె వాదింపలేదు, బెంగళూరు పోయి దరఖాస్తు పంపెను. మేము అంతటితో ఊరకున్నను బాగుండెడిది. పరీక్షకు పది దినములు ముందు ఆమెను పిలిపించి పెండ్లిచూపులు ఏర్పాటుచేసితిమి. వచ్చినవారితో ఆమె ఉద్యోగమును గూర్చి ఎంతయో చెప్పి, పరీక్ష సంగతి దాచితిమి. ఆమె కాఫీ ఇచ్చి కూర్చుండి, తాను ఉద్యోగము మానుకొనుచున్నాననియు, మరల ఐదారేండ్లు చదువదలచితిననియు వారితో తానే చెప్పెను. వారు మర్యాదగానే లేచి వెళ్లిరి. మేము మర్యాదగా ఉండలేదు. పదునైదు దినములు ఆమెతో మాటలాడలేదు. 2018 మే 6వ తేదీన ఆమె ఒంటరిగా పోయి పరీక్ష వ్రాసి వచ్చెను. ఇతర పిల్లల తలిదండ్రులు గేటు వెలుపల ఎండలో నీళ్లసీసాలు పట్టుకొని నిలిచియుండిరట. ఆ సంగతి ఆమె మాకు చెప్పలేదు. ఆమె స్నేహితురాలు చెప్పెను.

ఆ సారి ఆమెకు సీటు రాలేదు. పరీక్ష స్వరూపము తెలిసినవారికి ఇందు ఆశ్చర్యము లేదు. మొత్తము 180 ప్రశ్నలు, 720 మార్కులు. అందు సగము, అనగా 90 ప్రశ్నలు, జీవశాస్త్రము. మిగిలిన సగమును భౌతిక, రసాయన శాస్త్రములు చెరి 45గా పంచుకొనును. ఒప్పునకు 4 మార్కులు, తప్పునకు ఒకటి కోత. ఇంజనీరింగు చదివినవారికి భౌతికశాస్త్రము అండగా నిలుచును. జీవశాస్త్రమును వదలి అప్పటికి ఏడేండ్లు. సూత్రమునుండి సమాధానమును రాబట్టుట ఆమెకు వచ్చును. మొక్కల కుటుంబముల పేర్లను ఏ సూత్రమునుండియు రాబట్టలేము గదా. ఆ జులైలో ఉద్యోగము మానివేసి, పెట్టెలతో ఇంటికి వచ్చి, మేడమీది గదిలో కూర్చుండెను. కూడబెట్టుకొన్న జీతముతో అప్పు కిస్తులు తానే కట్టుచుండెను. సాయంకాలములు ఈ వీధి పిల్లలకు భౌతికశాస్త్రము ట్యూషను చెప్పెను. బంధువులు అడిగినచో, "ఇంటినుండి కంపెనీ పని చేయుచున్నది" అని బొంకితిమి. ఎన్ని బొంకులు చెప్పితిమో లెక్కలేదు.

ఇక వయసు సంగతి. 2018లో వచ్చిన నియమము ప్రకారము సాధారణ వర్గమువారు పరీక్షనాటికి 25 ఏండ్లు మించరాదు. రిజర్వేషను గలవారికి 30. మాకు 25 వర్తించెను. 2019 మే నాటికి ఆమెకు 25 నిండి రెండు నెలలు గడచును. ఉద్యోగము మానినది, తలుపు మూసికొన్నది అని మేము తల పట్టుకొంటిమి. 2018 నవంబరులో సుప్రీంకోర్టు, తుది తీర్పునకు లోబడి, ఆ వయసు దాటినవారిని కూడ దరఖాస్తు చేయనిచ్చెను. అట్లు సందేహపు సీటు కొరకు సందేహపు పరీక్షను ఆమె 2019లో వ్రాసెను. ఇప్పుడు ఆ బాధ లేదు. 2021 అక్టోబరులో జాతీయ వైద్య కమిషను గరిష్ఠ వయఃపరిమితిని తీసివేయ నిశ్చయించి, 2022 మార్చిలో తెలియజేసెను. పరీక్ష ఇన్నిసార్లే వ్రాయవలెనను హద్దును లేదు. ఇది మనవారిలో చాలమందికి తెలియదు. "ఇరవై అయిదు దాటితే అయిపోయింది" అని నేటికిని చెప్పువారు కలరు.

నీట్ పరీక్షను గూర్చి మన రాష్ట్రమున గొప్ప వివాదము కలదు. శాసనసభ దానికి వ్యతిరేకముగా బిల్లులు చేసెను. గ్రామముల పిల్లలకు, కోచింగునకు డబ్బు లేనివారికి అది అన్యాయమను మాటలో బలమున్నది. అయినను మా ఇంటికి సంబంధించినంతవరకు ఒక నిజము ఒప్పుకొనక తప్పదు. పన్నెండవ తరగతి మార్కులే ఆధారముగా ఉన్నంతకాలము 2011 నాటి ఆ ఒకటిన్నర మార్కు ఆమె నుదుట చెరుగనిదే. 2017 నుండి ఈ పరీక్ష మన రాష్ట్రమున అమలయినందువలననే ఆమెకు రెండవ వాకిలి దొరకెను.

2019లో ఆమెకు కొంత మెరుగైనను సీటు అందలేదు. ప్రైవేటు కళాశాలలో యాజమాన్యపు సీటు కొనుటకు మా ఇల్లు అమ్మినను చాలదు. విదేశమునకు పంపుదుమని ఒక ఏజెంటు నాలుగుసార్లు మా గుమ్మమెక్కెను. అతడు చెప్పనివి ఆమె చెప్పెను: అచట చదివి వచ్చినను ఇచట మరల ఒక అర్హతపరీక్ష గట్టెక్కవలెను, అది లేక వైద్యము చేయరాదు. అతనికి మజ్జిగ ఇచ్చి పంపివేసితిమి.

ఆ సమయముననే అమెరికాలోని మా బావమరిది కుమారుడు ఫోనులో, "ఇక్కడ ఇంజనీర్లు డాక్టర్లు కావడం మామూలే అత్తయ్యా" అన్నాడు. అతడు చెప్పినది నిజమే. అచట వైద్యకళాశాలలో చేరువారు సాధారణముగ ముందు ఒక డిగ్రీ ముగించియే వత్తురు. జీవశాస్త్రము, కర్బన రసాయనము మొదలగు పాఠములు ప్రయోగశాలతో సహా చదివి, ఎంక్యాట్ అను ప్రవేశపరీక్ష వ్రాసినచో, ఇంజనీరింగు చదివినంతమాత్రమున ఎవరును వింతగా చూడరు. అంతరిక్షమునకు వెళ్లిన తొలి నల్లజాతి స్త్రీ మే జెమిసన్ 1977లో స్టాన్‌ఫర్డ్ విశ్వవిద్యాలయమున కెమికల్ ఇంజనీరింగు ముగించి, 1981లో కార్నెల్ నుండి వైద్యపట్టము పొందినదే. మన దేశమున వైద్యవిద్య పన్నెండవ తరగతి వెంటనే మొదలగును. కనుక అచట 23 ఏండ్లవాడు అందరితోబాటు చేరినట్లు. ఇచట 26 ఏండ్ల ఆమె పద్దెనిమిదేండ్ల పిల్లల నడుమ మరల మొదటి బెంచీలో కూర్చున్నట్లు. బంధువుల మాట విని, అచటి లెక్కను ఇచటి కాగితముపై వేయరాదు.

మూడవ సారి చదువు మా యింట వేరుగా నడచెను. మాలో ఇల్లాలు ఈ పాఠశాలలోనే ఎనిమిదవ తరగతి వరకు తెలుగులో చదివినది. ఆమె ఆ ఆంగ్ల పేర్లను కూతురిచేత పలికించుకొని, తెలుగు అక్షరములలో చీటీలపై వ్రాసికొని, కూరలు తరుగుచు ఒక్కొక్కటి అడుగుచుండెను. సోలనేసి, లిలియేసి, మైటోకాండ్రియా! అర్థము తెలియదు, సమాధానము చీటీ వెనుక ఉండును. ఆ చీటీలు ఒక బిస్కెట్టు డబ్బా నిండ ఇంకను మా యింట ఉన్నవి. మన పాఠశాల హాలులో వ్రేలాడు యల్లాప్రగడ సుబ్బారావుగారి పటమును చూపి, "ఆయన కూడ చెన్నపట్టణములో మెట్రిక్యులేషను మూడవసారికే గట్టెక్కినాడటే" అని తల్లి చెప్పినప్పుడు, ఆ పిల్ల చాల దినములకు నవ్వెను.

2020లో కరోనా వచ్చెను. మే 3న జరుగవలసిన పరీక్ష జులై 26కు, అచటినుండి సెప్టెంబరు 13కు వాయిదా పడెను. ఊరంతయు భయముతో పల్స్ ఆక్సీమీటరులు కొనుచున్న దినములవి. మేమును ఒకటి కొంటిమి. ఒక ఉదయము మాలో ఒకరి వ్రేలికి తగిలించినచో 86 అని చూపెను. మాకు గుండె ఆగినంత పనియైనది. ఆమె మేడదిగి వచ్చి, ఆ చేతిని తన రెండు చేతులతో కొంతసేపు రుద్ది, తల్లి గోళ్లరంగు తుడిచి, మరల పెట్టి చూపెను: 97. ఆ పరికరము వ్రేలిగుండ ఎర్రని కాంతిని, కంటికి కనిపించని పరారుణ కాంతిని పంపి, రక్తము ఏది ఎంత పీల్చినదో కొలుచుననియు, వ్రేలు చల్లబడి నాడి బలహీనమైనను, గోళ్లరంగు అడ్డుపడినను తప్పు చూపుననియు చెప్పెను. దీని మూలసూత్రమును 1974లో కనిపెట్టిన తకువో అయోయాగి జపాను దేశపు ఇంజనీరు, వైద్యుడు కాడు. నాలుగేండ్ల ఇంజనీరింగు గంగపాలైనదని అంతవరకు ఏడ్చుచుండిన మేము, ఆ ఉదయము తరువాత ఆ మాట అనలేదు.

ఆ సెప్టెంబరున మేమిద్దరమును గేటు వెలుపల నిలిచితిమి. నీళ్లసీసా కూడ పట్టుకొంటిమి. ఆమెకు దక్షిణ జిల్లాలలో ఒక ప్రభుత్వ వైద్యకళాశాలలో సీటు వచ్చెను. 2021 ఆరంభమున తరగతులు మొదలయ్యెను.

కళాశాలలో తోటివారందరు ఆమెను "అక్కా" అనిరి. మొదట ఆ పిలుపు ఆమెకు ముల్లువలె నుండెనట. పాఠము చెప్పిన ఒక ఉపాధ్యాయురాలు ఆమె యీడుదే. శరీరనిర్మాణ శాస్త్రమున పద్దెనిమిదేండ్ల పిల్లలు ఒకసారి చదివి గుర్తుంచుకొన్నదానిని ఆమె నాలుగుసార్లు చదువవలసి వచ్చెను. రాత్రి మేల్కొనుట కూడ వారివలె చేతకాలేదు. వార్డులలోనికి వచ్చినప్పుడు మాత్రము కొంత తేలికయైనదట. ఉద్యోగములో కోపగించుకొన్న డాక్టరులను, అలసిన నర్సులను, భయపడిన బంధువులను ఆమె చూచియే యున్నది.

విరుదునగరము, కోవిల్పట్టి ప్రాంతపు నల్లరేగడి పల్లెలలో తరతరాలనుండి ఇంట తెలుగు మాటలాడు కుటుంబములు ఉన్నవని మీకు తెలియును. వ్రాయ చదువ రాదు. మాట మాత్రము నిలిచియున్నది. అట్టి ఒక ముసలమ్మ వార్డులో తమిళములో అడిగినదానికెల్ల "ఆమా, ఆమా" అనుచు రెండు దినములు గడపెను. తనలో తాను తెలుగున గొణుగుకొనుట విని మా అమ్మాయి తెలుగున పలుకరించినచో, నొప్పి ఎప్పుడు మొదలైనదో, ఏ నాటు మందు మ్రింగినదో, కోడలికి చెప్పవద్దనుచు అంతయు చెప్పెనట. ఈ పాఠశాలలో తెలుగు నేర్పిన పంతులమ్మగారు ముందు వరుసలో కూర్చున్నారు. ఈ మాట ఆమెకు చేరవేయుమని మా అమ్మాయి మరీ మరీ చెప్పి పంపెను.

ఇప్పుడు లెక్క చెప్పెదము. పొగడ్త కంటె లెక్క మీకు ఉపయోగము. ఎం.బి.బి.ఎస్. నాలుగున్నరేండ్లు, ఆపైన ఒక యేడు హౌస్ సర్జను పని. ఆమె పూర్తిచేయునప్పటికి 32 ఏండ్లు. ప్రత్యేక వైద్యము చదువదలచినచో మరియొక ప్రవేశపరీక్ష, మరి మూడేండ్లు. ఆమెతో ఇంజనీరింగు చదివినవారు ఇండ్లు కట్టుకొనిరి, పిల్లలను బడికి పంపుచున్నారు. ప్రభుత్వ కళాశాల గనుక ఫీజు మాకు మోయదగినదే. కాని ఆమె సంపాదింపని ఆ యేండ్ల జీతమును కూడ ఖర్చుక్రిందనే వ్రాసికొనవలెను. పెండ్లి ఇంకను కాలేదు. దీనిని గూర్చి మాకు దిగులు లేదనుట అబద్ధము. ఆమెకు లేదు.

పదునొకండవ తరగతిలో చేరబోవు పిల్లల తలిదండ్రులకు ఒక్క మాట. మన రాష్ట్రమున జీవశాస్త్రము, గణితము రెండును గల వర్గము ఉన్నది. మనవారు "బయో-మ్యాథ్స్" అందురు. మా అమ్మాయి ఆ వర్గమున చదివినందువలననే తరువాత ఆమెకు అర్హత నిలిచెను. ఆంధ్రలోని మా బంధువుల పిల్లలు పదవ తరగతి కాగానే ఎం.పి.సి. లేక బై.పి.సి. అని విడిపోయిరి; ఎం.పి.సి. వారికి నీట్ తలుపు చాలకాలము మూసియే ఉండెను. 2023 నవంబరులో జాతీయ వైద్య కమిషను, పన్నెండవ తరగతి తరువాత గుర్తింపు గల బోర్డునుండి జీవశాస్త్రమును అదనపు విషయముగా చదివి నెగ్గినవారిని కూడ అనుమతించెను. అయినను ముందే రెండు దారులు ఉంచుకొనుట మేలు. బరువెక్కువయని బిడ్డ అన్నచో బలవంతము చేయవద్దు.

తెలుగున నీట్ వ్రాయవచ్చునా యని కొందరు అడుగుచున్నారు. ప్రశ్నపత్రము తెలుగున 2017 నుండి కలదు. అయితే ప్రాంతీయ భాషల పత్రములను ఆయా రాష్ట్రముల కేంద్రములలోనే ఇత్తురు. తెలుగు పత్రము కావలెనన్న ఆంధ్రప్రదేశమునకో తెలంగాణమునకో పోయి వ్రాయవలెను. మా అమ్మాయి ఆంగ్లమున వ్రాసెను. ఇంకొకటి. 2020లో మన రాష్ట్రము తెచ్చిన 7.5 శాతము కోటా ప్రభుత్వ పాఠశాలల పిల్లలకే. మనది సహాయము పొందు మైనారిటీ పాఠశాల గనుక మన పిల్లలకు అది వర్తింపదు. దానిని లెక్కలో వేసికొని మోసపోకుడు.

ఇంజనీరింగు చదువుచున్న బిడ్డ ఆసుపత్రివైపు చూచినంతమాత్రమున డాక్టరు కావలెనని లేదు. సి.టి. స్కాను యంత్రమును రూపొందించి 1979లో నోబెల్ బహుమతి పొందిన గాడ్‌ఫ్రే హౌన్స్‌ఫీల్డు కూడ ఇంజనీరే, చివరివరకు ఇంజనీరే. మనకు దగ్గరలోనే మద్రాసు ఐ.ఐ.టి., వేలూరు క్రైస్తవ వైద్యకళాశాల, తిరువనంతపురపు శ్రీ చిత్ర సంస్థ కలిసి క్లినికల్ ఇంజనీరింగులో ఎం.టెక్. నడుపుచున్నవి. "ఆ చదువు చదవరాదా?" అని మేమును ఆమెను ఒకనాడు అడిగితిమి. "నాకు మిషను మీద కోపం లేదు నాన్నా, కాని ఆ తాత అడిగింది మిషను గురించి కాదు" అన్నది. మీ బిడ్డలు వేరొక విధముగా చెప్పవచ్చును. అడిగి చూడుడు. మేము 2011లో అడుగలేదు.

వచ్చే నెల రెండవ ఆదివారము ఆమెకు సెలవు దొరకినది. ఉదయము 10 గంటలకు పదునొకండు, పన్నెండు తరగతుల పిల్లలతో మాటలాడుటకు పాఠశాలకు వచ్చును. పిల్లలను పంపుడు. మీరు కూడ రావలెనన్నచో రండు గాని, మొదటి గంట వెలుపల కూర్చుండవలెనని ఆమె షరతు. మేమిద్దరమును వెలుపలనే ఉందుము; కాఫీ మాది.

సెలవు.